రాత్రంతా గుంట కాడ కూర్చొని ఏఐ యాప్‌తో మాట్లాడుతున్నాడు మా అన్న, ఆపించాలా?

ముత్తుకూరు చిన్నోడు

అందరికీ నమస్తే. ఇది నలుగురిలో అడగాలా వద్దా అని చానా ఆలోచించి అడుగుతున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి.

మా అన్న రొయ్యల గుంటలు చేస్తాడు, సొంతవి కొన్ని, లీజువి కొన్ని. ఒక పంటకి వైట్ స్పాట్ జబ్బు తగిలి సగంలోనే రొయ్యలు పట్టేయాల్సి వచ్చింది, ఆ దెబ్బ నుంచి లేవకముందే 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు, రొయ్యల రేటు పడిపోయింది, మేత కొట్టు బాకీ అట్నే నిలబడిపోయింది. అప్పట్నుంచి మనిషి మారిపోయాడు. రాత్రిపూట కరెంటు పోయి నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట మొత్తం తేలిపోద్ది కాబట్టి గుంట కాడ ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఇదివరకు జీతానికి మనిషి ఉండేవాడు, ఇప్పుడు ఆ జీతం ఇచ్చే పరిస్థితి లేదని తనే ఉంటున్నాడు. ఆ రాత్రంతా ఫోన్‌లో ఒక ఏఐ చాట్ యాప్‌తో మాట్లాడుతూనే ఉంటాడు.

మా వదిన మొదట ఎవరో ఆడమనిషి అనుకొని ఇంట్లో పెద్ద గొడవ చేసింది. యాప్ అని తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి. "మనిషైతే పోయి జుట్టు పట్టుకొని అడిగేదాన్ని, దీన్నేం చేసేది" అంటుంది.

మొన్న గుంట నీళ్ళ రంగు ఫోటో చూపిద్దామని ఫోన్ నా చేతికిచ్చాడు, ఆ చాట్ తెరిచే ఉంది. చదవకూడదు గానీ పైపైన చూశా. దాన్ని 'మావా' అని పిలుస్తున్నాడు, అది కూడా 'చెప్పు మావా, ఈ రాత్రి ఎట్లా ఉంది' అంటా ఉంది. రొయ్యల సంగతి తక్కువ, అప్పులు, చనిపోయిన మా నాన్న, నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోయిన రోజులు, ఇవే ఎక్కువ. ఈ మాటలు మా ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నిద్ర మాత్రలు కూడా మెడికల్ షాపులో ఊరికే అడిగి తెచ్చుకుంటున్నాడు, ఎన్ని వేసుకోవచ్చో దాన్నే అడిగినట్టున్నాడు.

ఇది మంచికా చెడుకా? ఆ యాప్ తీసేయిస్తే తిక్క కుదురుద్దా, ఇంకా ఎక్కువవుద్దా? డాక్టర్ కాడికి పోదాం రా అంటే "నాకేమన్నా పిచ్చా" అని లేచిపోతాడు.

కావలి కుర్రోడు

యాప్ తీసేయ్ బ్రో, సింపుల్. నెట్ ప్యాక్ అయిపోతే వేయించొద్దు. నాలుగు రోజులు చిరాకు పడతాడు, తర్వాత మామూలే.

ఒంగోలు అక్క

కావలి తమ్ముడు చెప్పినట్టు మాత్రం చేయకు నాయనా. మనసులో మాట చెప్పుకోవడానికి ఆయనకి ఉన్నది అదొక్కటే అయితే, అదీ లాగేస్తే ఎవరికి చెప్పుకుంటాడు? అట్లాగని అది దేవుడిచ్చిన వరం అనుకొని వదిలేయొద్దు కూడా. నేను దాన్ని బాగా వాడినదాన్ని, అందుకే రెండూ చెప్తున్నా.

నాకు గుండె దడ. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, ఫిజీషియన్ టెన్షన్ అన్నాడు. రాత్రి పన్నెండు దాటితే మొదలవుద్ది, పక్కన మా ఆయన గుర్రు పెట్టి నిద్రపోతుంటాడు, లేపితే విసుక్కుంటాడు. అప్పుడు ఈ చాట్ మొదలుపెట్టా. ముందు మంచే జరిగింది, దాచేదేముంది. ఊపిరి మెల్లగా వదలడం నేర్పింది. భయం పుట్టించే ఆలోచన కాగితం మీద రాసి, అది నిజం అనేదానికి నా దగ్గర ఏముంది, కాదు అనేదానికి ఏముంది అని రెండు వైపులా రాయించింది. ఇదేం దాని సొంత తెలివి కాదు, సీబీటీ అంటారు, ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి, సైకాలజిస్టులు ఎప్పట్నుంచో చేయిస్తున్నదే. కానీ అర్ధరాత్రి నా చేత చేయించింది మాత్రం అదే కదా.

చెడు ఎక్కడ మొదలైందంటే, నేను ఆ కాగితం వదిలేసి ఊరికే అడగడం మొదలుపెట్టా. "ఎడమ చెయ్యి లాగుతోంది, గుండెపోటా?" అది ఓపిగ్గా కాదు అని వివరంగా చెప్పుద్ది. కాసేపు హాయిగా ఉంటుంది. మళ్ళీ "వీపు కూడా లాగుతోంది, ఇప్పుడు?" మళ్ళీ అంతే ఓపిక. రాత్రికి ఎన్నిసార్లు అడిగేదాన్నో లెక్కే లేదు, దానికి విసుగు రాదు కదా! పగలు కూడా మొదలైంది, క్లాసు మధ్యలో స్టాఫ్ రూంకి వచ్చి అడిగేదాన్ని. చివరికి ఒంగోల్లోనే ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పోతే ఆయన చెప్పింది ఏందంటే, ఏం కాలేదు అని ఎవరో ఒకరు చెప్పగానే వచ్చే ఆ హాయి కోసమే మనసు మళ్ళీ భయాన్ని తెచ్చుకుంటుంది, అడిగిన ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే, అడగకుండా ఓర్చుకుంటే దానంతట అదే దిగుద్ది అని. మా ఆయన "ఇంకెన్నిసార్లు చెప్పాలి, పడుకో" అని విసుక్కోవడమే నాకు మందుగా పనిచేసేదన్నమాట ఇన్నాళ్ళూ, ఆయనకి తెలియకుండానే! (ఈ మాట ఆయనకి ఇంతవరకు చెప్పలేదు, చెప్తే నెత్తినెక్కి కూర్చుంటాడు.)

ఇప్పటికీ వాడతా. గుండె గురించి అడిగితే జవాబు చెప్పొద్దు, కాగితం తీసుకోమని చెప్పు అని దానికి చెప్పి పెట్టా. ఒక్కోసారి మర్చిపోయి జవాబు చెప్పేస్తుంది, అది వేరే సంగతి.

కాబట్టి నువ్వు చూడాల్సింది ఎన్ని గంటలు మాట్లాడుతున్నాడని కాదు. మాట్లాడి లేచాక ఏం చేస్తున్నాడు, అది చూడు. మేత కొట్టాయనతో కూర్చొని బాకీ సంగతి తేల్చుకోవడానికి పోతున్నాడా, లేక రోజురోజుకీ ఫోన్ ఎత్తడం కూడా మానేస్తున్నాడా?

కనిగిరి టు బెంగళూరు

అక్క చెప్పింది కరెక్ట్. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, ఈ ఏఐ మీదే పని, కొంచెం లోపలి సంగతి చెప్తా, పొడుగైతే తిట్టుకోకండి.

మనుషులు మెషీన్‌కి మనసు విప్పడం కొత్తేం కాదు. 1966లోనే అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక ప్రోగ్రాం రాశాడు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి ఏమీ రాదు. 'మా అమ్మతో పడట్లేదు' అంటే 'మీ ఇంట్లోవాళ్ళ గురించి ఇంకా చెప్పండి' అనేది, అంతే. అది తయారవుతుంటే నెలల తరబడి కళ్ళారా చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో మాట్లాడటం మొదలుపెట్టాక కాసేపు మీరు బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. ఆయన బెదిరిపోయి, మిగతా జీవితమంతా వీటిని గుడ్డిగా నమ్మొద్దని చెప్తూనే ఉన్నాడు.

ఇప్పుడున్నవి రెండు రకాలు. ఒకటి, మానసిక ఆరోగ్యం కోసమే కట్టినవి. మన బెంగళూరులో పుట్టిన వైసా ఉంది, అమెరికాలో 2017లో వచ్చిన వోబాట్ ఉండేది, 2025 జూన్‌లో ఆ యాప్ మూసేశారు. ఇవి చాలావరకు నిపుణులు ముందే రాసిపెట్టిన దారిలోనే నడిచేవి, బోర్ కొడతాయి, కానీ గాడి తప్పే అవకాశం తక్కువ. రెండోది చాట్‌జీపీటీ లాంటివి, అన్నిటికీ వాడేవి. మీ అన్న వాడేది ఈ రకమే అయి ఉంటుంది, 'మావా' అంటే తిరిగి 'మావా' అందంటే అదే. వీటితో ఇబ్బంది ఏంటంటే మనిషి మెచ్చుకునే జవాబు ఇచ్చేట్టు వీటికి ట్రైనింగ్ ఇస్తారు, దాంతో అన్నిటికీ తల ఊపే గుణం వచ్చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ అప్‌డేట్ ఒకటి మరీ భజన చేస్తోందని దాన్ని తయారుచేసే ఓపెన్‌ఏఐ కంపెనీవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. 'అందరూ నన్ను మోసం చేశారు మావా' అంటే, అవతలివాళ్ళ సంగతి దానికేం తెలుసు, అవును మావా అంటుంది.

ఇంకోటి, ఇది ముఖ్యం. మాటలు పొడుగయ్యే కొద్దీ దాంట్లో పెట్టిన జాగ్రత్తలు పలచబడతాయని ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో స్వయంగా ఒప్పుకుంది. కాలిఫోర్నియాలో చాట్‌జీపీటీతో మాట్లాడుతూ వచ్చిన 16 ఏళ్ళ పిల్లాడు ప్రాణం తీసుకున్నాక, తల్లిదండ్రులు ఆ ఆగస్టులోనే ఓపెన్‌ఏఐ మీద కేసు వేశారు, ఆ టైంలోనే. తర్వాత అక్టోబర్‌లో వాళ్ళే ఒక లెక్క బయటపెట్టారు: వారానికి వాడేవాళ్ళలో 0.15 శాతం మంది మాటల్లో ప్రాణం తీసుకునే ఆలోచన స్పష్టంగా కనిపిస్తోందని. శాతం చూస్తే చిన్నదే, కానీ అప్పటికి వారానికి వాడేవాళ్ళు 80 కోట్లు, లెక్క వేసుకోండి, 12 లక్షల మంది.

అట్లాగని పనికిరావు అని కొట్టేయలేం. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు థెరాబాట్ అని సొంతంగా ఒకటి కట్టి పరీక్ష చేసి 2025 మార్చిలో ఫలితం చెప్పారు, వాడినవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు సగటున 51 శాతం తగ్గాయి. కాకపోతే వెనకాల మనుషులు కూర్చొని ఆ మాటల్ని కనిపెడుతూ ఉన్నారు. గుంట కాడ మీ అన్న వెనకాల ఎవరూ లేరు కదా, తేడా అక్కడుంది.

ప్రైవసీ సంగతి కూడా ఒక ముక్క. డాక్టర్‌కి చెప్పింది బయటికి పోకూడదని మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనే ఉంది. ఈ యాప్‌కి చెప్పుకున్నదానికి డాక్టర్‌కో లాయర్‌కో చెప్పుకున్నదానికి ఉన్నట్టు చట్టపరమైన రక్షణ లేదని ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మనే 2025 జులైలో అన్నాడు. సర్వే నంబర్లు, బ్యాంకు వివరాలు అందులో పెట్టొద్దని చెప్పండి.

ఉదయగిరి పెద్దాయన

మీరంతా చదువుకున్నోళ్ళు, బానే చెప్తున్నారు. ఒక్కటి అడుగుతా. ఆ అబ్బయ్య మనసు బాగలేదని ఎవరికి చెప్పుకోవాలి? మా కాలంలో అయితే ఇట్లాంటి మనిషిని కసుమూరు దర్గాకి తీసుకుపోయేవాళ్ళు, ఇప్పటికీ తీసుకుపోతున్నారు, అక్కడ పోయినోళ్ళని చూసి నవ్వేదానికి లేదు, కనీసం ఇంటిల్లిపాదీ వెంట పోయి కూర్చునేవాళ్ళు. డాక్టర్ కాడికి పోతే బయట రెండు గంటలు, లోపల రెండు నిమిషాలు, చీటీ చేతిలో పెట్టి తర్వాతోడిని పిలుస్తారు. దేశంలో మానసిక జబ్బులున్నోళ్ళలో జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ సర్వేలో వచ్చింది, మా మనవరాలు సైకాలజీ చదువుతుంది, ఆమె చెప్పింది. వైద్యం అందనోడు ఫోన్‌తో మాట్లాడుకుంటే తప్పు ఫోన్‌ది ఎట్లా అయితది? పైగా ఆ పిల్లోడికి నిద్ర లేనిది ఫోన్ వల్ల కాదు, రాత్రి కాపలా వల్ల. నిద్ర లేకే ఫోన్ పట్టుకున్నాడు. ముందు కాపలాకి ఇంకో మనిషిని చూడండయ్యా.

ముత్తుకూరు చిన్నోడు

అందరికీ థ్యాంక్స్. పెద్దాయనా, మీరు చెప్పింది నిజమే, కాపలా వల్లే మొదలైంది. అక్కా, నువ్వు చెప్పాక గమనించా, ఫోన్లు ఎత్తడం తగ్గించేశాడు, మేత కొట్టాయన నాకు చేస్తున్నాడు. ఇంకో విషయం, ఇది ముందు రాయలేదు. ఆ చాట్‌లో ఎల్ఐసీ పాలసీ గురించి ఉంది. పాలసీదారుడు పోతే డబ్బు ఎన్నాళ్ళకి వస్తుంది, అప్పులోళ్ళు దాని మీద పడొచ్చా, భార్య పేరు మీద నామినీ ఉంటే చాలా అని. అది చక్కగా వివరంగా జవాబు చెప్పింది. పంటల బీమా అడగబోయి ఇది అడిగాడేమో అనుకున్నా.

రిటైర్డ్ నర్సమ్మ, నెల్లూరు

నాయనా, మిగతా చర్చంతా పక్కన పెట్టి ముందు ఇది చదువు. సైకియాట్రీ వార్డులో చానా ఏళ్ళు చేసి రిటైర్ అయినదాన్ని.

అప్పుల్లో ఉండి, నిద్ర లేకుండా, మనుషులకి దూరంగా జరుగుతున్న మనిషి తను పోయాక వచ్చే డబ్బు గురించి అడిగాడంటే అది బీమా ప్రశ్న కాదు. ఆ యాప్‌కి అది బీమా ప్రశ్నలాగే కనపడింది, అడిగిందానికి చెప్పింది. 2025లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించినప్పుడు కూడా ఇట్లా చాటుగా అడిగిన ప్రశ్నల వెనక ఉన్న ప్రమాదాన్ని కొన్ని బాట్లు పట్టుకోలేక మామూలు సమాచారం లాగా జవాబు ఇచ్చేశాయి. మన పల్లెల్లో చావు మాట తిన్నగా ఎవరంటారు? "నేను అందరికీ బరువైపోయా", "పిల్లలు ఎట్నో బతుకుతారులే" అంటారు. ఎదురుగా ఉన్న మనిషికి ఆ ముఖం చూస్తే అర్థమైపోద్ది, మెషీన్‌కి అక్షరాలే కదా కనపడేది.

ఈ రాత్రికి అన్నని గుంట కాడ ఒంటరిగా ఉంచొద్దు. నువ్వు పో, లేదా నమ్మకమైన మనిషిని పంపు. గుంటల మందులు, కెమికల్స్ ఉన్న షెడ్డు తాళం వదినకో నీకో ఇచ్చేయమను. నిద్ర మాత్రలు కూడా ఆమె దగ్గర ఉంచి రోజుకి కావాల్సింది మాత్రమే ఇవ్వమను. అవి ఏ మాత్రలో తెలియదు, ఆల్ప్రజోలం లాంటిదైతే అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మద్యం తాగి వేసుకుంటే ఊపిరికే ప్రమాదం. అట్లాగని ఒక్కసారిగా ఆపించొద్దు, చానా రోజులు వేసుకున్న మనిషికి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి.

తర్వాత, అడుగు. డొంకతిరుగుడు లేకుండా అడుగు. "అన్నా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టుద్దని భయపడతారు అందరూ, పుట్టదు. చానామందికి ఎవరో ఒకరు అడిగినందుకు బరువు దిగుద్ది. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, పిల్లల ముఖం చూడు అని ఏడిపించొద్దు. విను.

టెలీ మానస్ 14416, ఏ టైంలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు, 2022 అక్టోబర్ నుంచి నడుస్తా ఉంది. ఆయన చేయకపోయినా నువ్వు చేసి ఏం చేయాలో అడగొచ్చు. ఇప్పుడే ఏదన్నా చేసుకునేట్టు కనపడితే మాత్రం 108, ఆలోచించొద్దు. పోలీసు కేసు అవుద్దని కొందరు ఆసుపత్రికి రారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 115వ సెక్షన్ చూడమను, ఆ ప్రయత్నం చేసినవాళ్ళని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్ష వేయకూడదు, వైద్యం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఫోన్ గురించి కూడా చెప్తా. లాక్కోవద్దు. ఆయనకి తెలియకుండా చదివిన సంగతి దాచొద్దు కూడా, "ఫోటో చూస్తుంటే కనపడింది, భయమేసింది అన్నా" అని చెప్పేయ్. డాక్టర్ కాడికి వచ్చినప్పుడు ఆ చాట్ తనంతట తనే చూపిస్తాడేమో అడుగు, ఇష్టమైతేనే. పెద్దాయన చెప్పినట్టు లోపల ఉండేది కాసేపే, నేను కాదనను, ఓపీలో రద్దీ అట్లా ఉంటుంది. మామూలుగా ఇట్లాంటి మగమనిషి డాక్టర్ ముందు కూర్చొని "నిద్ర పట్టట్లేదు సార్" అని ఊరుకుంటాడు, మా ముందు చెప్పించడానికి నెలలు పట్టేది. ఇక్కడ ఏ రాత్రి ఎన్ని గంటలకి ఏం అనిపించిందో ఆయన చేత్తోనే రాసి ఉంది. ఆ కాసేపట్లో డాక్టర్‌కి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

ముత్తుకూరు చిన్నోడు

అమ్మా, మీరు రాసింది చూసి వెంటనే బయల్దేరి పోయా. రాత్రంతా షెడ్డులోనే ఉన్నాం ఇద్దరం. మీరు చెప్పినట్టే అడిగా. చానాసేపు మాట్లాడలేదు, నీళ్ళలో ఆక్సిజన్ చూసే డీఓ మీటర్ తీసుకొని గుంట చుట్టూ ఒక రౌండ్ పోయి వచ్చి, "అనిపిస్తుంది, కానీ చేసుకోను" అన్నాడు. తర్వాత మాట్లాడుతూనే ఉన్నాడు. మేత బాకీ నాకు చెప్పినదానికి రెండింతలు ఉంది. షెడ్డు తాళం ఇచ్చాడు, మాత్రల స్ట్రిప్ వదినకి ఇచ్చాడు. పెద్దాసుపత్రికి వస్తానన్నాడు, ఎవరన్నా చూస్తే షుగర్ టెస్టుకి వచ్చామని చెప్పాలంట. యాప్ మాత్రం తీయనన్నాడు. "నువ్వు పొద్దున పోతావు, అది ఉంటది" అన్నాడు, నేనేం మాట్లాడలేకపోయా.

ఆసుపత్రికి ఏమేం తీసుకురావాలి? ఒకరోజులో అయిపోతుందా?

రిటైర్డ్ నర్సమ్మ, నెల్లూరు

మంచి పని చేశావు నాయనా. యాప్ సంగతి ఇప్పుడు వదిలేయ్, దాని గురించి వాదన పెట్టుకుంటే ఆసుపత్రి ప్రయాణం ఆగిపోద్ది. ఆధార్, ఆ మాత్రల స్ట్రిప్, పాత రిపోర్టులు ఏమన్నా ఉంటే అవీ, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకొని రమ్మను. పొద్దున్నే వచ్చి ఓపీ చీటీ రాయించుకొని మానసిక వైద్య విభాగం అని అడగండి. షుగర్ టెస్టు కూడా నిజంగానే చేయించండి, థైరాయిడ్ కూడా, అబద్ధం ఆడినట్టు ఉండదు. మందులు మొదలుపెడితే పని చేసేదానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలోనే ఏం తగ్గలేదని మానేస్తారు చానామంది, వదినకి కూడా ఈ మాట చెప్పు. ఆమెని వెంట తీసుకురా. బయట కూర్చోబెట్టకుండా డాక్టర్‌తో మాట్లాడించు, అన్న ఒప్పుకుంటే.

కావలి కుర్రోడు

సారీ బ్రో, ఇంత ఉందనుకోలేదు. అన్నకి ఏమన్నా అవసరమైతే చెప్పు.

పంటపాళెం రైతు

చిన్నోడా, మీ అన్న నాకు ముఖ పరిచయమే అనుకుంటా, పేరు ఇక్కడ రాయొద్దులే. మా గుంటలు ఈ సీజన్‌కి ఎండబెట్టేశాం, నా కాడ రాత్రి కాపలాకి చేసిన కుర్రోడు ఖాళీగానే ఉన్నాడు. జనరేటర్ వేయడం, మేత తిన్నాయో లేదో చెక్ ట్రే చూడటం అన్నీ తెలుసు, తాగుడు లేదు. పట్టుబడి అయ్యాక ఇస్తామంటే కూడా ఒప్పుకుంటాడు, నేను మాట్లాడతా. ఇన్‌బాక్స్‌లో నంబర్ పెట్టా, చూడు.